సంచి తీశారు, మూతి చూడలేదు

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం నుంచి దక్షిణానికి, కర్ణాటక సరిహద్దు వైపు పోతే కుందుర్పి వస్తుంది. కొండ మీద పాత కోట, కింద ఎర్రనేల. వాన పడితే శెనక్కాయ, పడకపోతే బెంగళూరు. ఈ పక్క పల్లెల్లో నలుగురు ఆడవాళ్లు కలుపు తీస్తూ మాట్లాడుకునేటప్పుడు 'సంచి' మాట తరచూ వస్తుంది. "ఆయమ్మకి సంచి తీసేసినారంట" అంటే ఎవరూ ఉలిక్కిపడరు. పన్ను పీకించుకున్నంత మామూలు సంగతి. తెల్లబట్ట అవుతోందని ఒకరు, నడుంనొప్పి ఓర్చుకోలేక ఒకరు, ముట్టు వస్తే ఆగడంలేదని ఇంకొకరు తీయించుకుంటారు. పిల్లలు పుట్టేశారు, కుటుంబ నియంత్రణ ఆపరేషనూ అయిపోయింది, ఇంక దాంతో పనేముంది అంటారు. దానికితోడు ఎక్కడో ఒక డాక్టరు నోట వచ్చిన మాట ఊరంతా తిరుగుతుంటుంది: "అట్లే వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది."

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 8.7 శాతం మంది గర్భసంచి తీయించుకున్నారు. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. దేశ సగటు మూడు శాతం పైచిల్లర. అదే సర్వే 30-49 ఏళ్ల ఆడవాళ్లను ఇంకో మాట అడిగింది: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నారా అని. మన రాష్ట్రంలో అవునన్నవాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. దేశం మొత్తానికి 1.9 శాతమే కాబట్టి మనమే మేలని సర్దుకోవచ్చు గానీ, పక్కనున్న తమిళనాడులో అది 9.8. వయసు లెక్కల్లో కొంచెం తేడా ఉన్నా, ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. కడుపు కోసి సంచిని బయటికి తీయడానికి దారి దొరికింది. రెండు నిమిషాలు దాని మూతిని చూడడానికి దొరకలేదు.

సంచికీ మూతికీ తేడా ఇక్కడ ముఖ్యం. గర్భసంచిని బోర్లించిన చెంబు అనుకుంటే, కిందికి ఉండే మెడ, అంచు కలిసి గర్భాశయ ముఖద్వారం. కాన్పు సమయంలో తెరుచుకునేది అదే. దాని మీద రెండు రకాల పొరలు కలుస్తాయి: లోపలి మెత్తటి పొర, బయటి గట్టి పొర. కుట్టు కలిసిన చోటే బట్ట ముందు చినిగినట్టు, ఈ రెండూ కలిసే చోటే రోగం పుడుతుంది. దాన్ని పుట్టించేది దాదాపు ప్రతి కేసులోనూ ఒక వైరస్. పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్‌పీవీ.

ఒకప్పుడు ఈ క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని అనుకునేవారు. హెరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త మాత్రం కాదు, పులిపిర్లు పుట్టించే వైరస్ కుటుంబంలో వెతకండి అని పట్టుబట్టాడు. 1983లో ఆయన బృందం క్యాన్సర్ కణితిలో హెచ్‌పీవీ 16వ రకాన్ని పట్టుకుంది, మరుసటి ఏడాది 18వ రకాన్ని. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ కుటుంబంలో 200కు పైగా రకాలున్నాయి. చేతి మీద పులిపిరి తెచ్చేదీ ఇందులోదే. క్యాన్సర్ దాకా తీసుకుపోగలిగినవి ఓ పద్నాలుగు. వాటిలోనూ 16, 18 రెండే ప్రపంచంలోని ముఖద్వార క్యాన్సర్లలో 70 శాతానికి కారణం.

ఇప్పుడు చాలామంది నోరు విప్పని సంగతి. ఈ వైరస్ సంభోగం వల్ల, చర్మం చర్మం తగలడం వల్ల అంటుతుంది. అందుకే పరీక్షలో 'ఉంది' అని తేలితే ఇంట్లో మొదట లేచే ప్రశ్న "ఎవరి దగ్గర్నుంచి?" అని. ఆ ప్రశ్నకు వైరస్ దగ్గర జవాబు లేదు. పెళ్లయిన ఆడా మగా చాలామందికి బతుకులో ఎప్పుడో ఒకసారి ఇది సోకి ఉంటుంది, జలుబులాగే చడీచప్పుడు లేకుండా పోయి ఉంటుంది. సోకినవాళ్లలో పదికి తొమ్మిదిమందికి ఒంటి నిరోధకశక్తే రెండేళ్లలోపు దాన్ని అణిచేస్తుంది. ఇరవై ఏళ్ల కింద సోకి అణిగి ఉన్నది నలభైలో మళ్లీ తల ఎత్తవచ్చు. కాబట్టి పరీక్ష కాగితం నడవడికకు ఇచ్చే సర్టిఫికెట్ కాదు. ఆ కాగితం చూసి భార్యను నిలదీసే మొగుడికీ, మొగుడిని అనుమానించే భార్యకూ డాక్టరు చెప్పగలిగింది ఒక్కటే: ఇది ఎప్పటిదో తెలియదు.

తెలుగునేల మీద ఈ వైరస్ ఎంతమందిలో ఉందో చూసిన తొలినాటి అధ్యయనాల్లో ఒకటి 2005లో అచ్చయింది. హైదరాబాదు శివారు మేడ్చల్ మండలం పల్లెల ఆడవాళ్లు తమంతట తామే తీసి ఇచ్చిన నమూనాలను అందులో పరీక్షించారు. ప్రమాదకర రకాలు పదిమందిలో ఒకరికి కనిపించాయి. అదే అధ్యయనంలో హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చిన రోగుల కణితులను చూస్తే, వైరస్ దొరికిన వాటిలో మూడింట రెండు వంతులు 16వ రకానివే. పదిమందిలో ఒకరికి వైరస్ ఉంది గానీ, పదిమందిలో ఒకరికి క్యాన్సర్ లేదు. ఈ రెండింటి మధ్య ఉన్నది కాలం.

ఆ కాలం కూడా చిన్నదేమీ కాదు. పోకుండా పాతుకుపోయిన వైరస్ కణాల తీరు మార్చి, మచ్చ చేసి, ఆ మచ్చను క్యాన్సర్‌గా ముదిరించడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. మనిషికి ఇంత గడువిచ్చే జబ్బులు అరుదు. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్లకు మాత్రం ఆ గడువు ఐదు నుంచి పదేళ్లకు కుంచించుకుపోతుంది. వాళ్లకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు. అనంతపురం జిల్లాకు ఇది ఎక్కడో పుస్తకంలో సంగతి కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్‌డీటీ బత్తలపల్లిలో నడిపే ఆసుపత్రికి హెచ్‌ఐవీ మందుల కోసం ఉమ్మడి జిల్లా నలుమూలల నుంచీ ఏళ్ల తరబడి జనం వచ్చారు. అలాంటి ఆడవాళ్లు 25 ఏళ్ల నుంచే, మూడు నుంచి ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. మిగతావాళ్లకు 30 దాటాక, ఐదు నుంచి పదేళ్లకోసారి చాలు.

ఇంత గడువున్న జబ్బుతో 2022లో మన దేశంలో 1,27,000 మందికి పైగా మంచాన పడ్డారు, దాదాపు 80,000 మంది చనిపోయారు.

పరీక్ష కష్టమైనదా అంటే కాదు. ప్రభుత్వ కేంద్రాల్లో ఎక్కువగా చేసేది వీఐఏ అనే పరీక్ష. ఊళ్లో గోబీ మంచూరియా బండివాడి దగ్గరుండే వెనిగర్‌లో ఉండేది ఏ ఆమ్లమో, ఇక్కడ వాడేదీ అదే: అసిటిక్ ఆమ్లం, మూడు నుంచి ఐదు శాతం. బల్ల మీద పడుకోబెట్టి, స్పెక్యులం అనే పరికరంతో దారి తెరిచి, దూదితో ఆ నీళ్లను ముఖద్వారం మీద అద్దుతారు. ఒక నిమిషం ఆగుతారు. మామూలు పొర గులాబీ రంగులోనే ఉంటుంది. తేడా చేసిన చోటు సున్నం పూసినట్టు తెల్లబడుతుంది. కొంచెం చురుక్కుమంటుంది, అంతే. శిక్షణ ఉంటే నర్సే చూడగలదు, ఫలితం అప్పుడే చెప్పగలదు. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లందరికీ ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయాలని ఉంది. 2024 నవంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం ఇల్లిల్లూ తిరిగే క్యాన్సర్ సర్వే మొదలుపెట్టింది: నోరు, రొమ్ము, ముఖద్వారం. నోరైతే ఇంటి అరుగు మీదే తెరిపించి చూడొచ్చు. మూడోదానికే వచ్చింది చిక్కు.

ఆశా కార్యకర్త పిలిచినప్పుడు ఈ ప్రాంతంలో వినిపించే జవాబు దాదాపు ఒకటే. "నాకేం రోగం లేదులేక్కా, చేన్లోకి పోవల్ల." ఆ ఒక్క ముక్కలో చాలా ఉంది. రోగం వస్తేనే ఆసుపత్రి. రోగం లేనప్పుడు పోవడమంటే రోగాన్ని పేరుపెట్టి పిలవడమే. ఆసుపత్రికి పోయిన రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ చేతినుంచి పడుతుంది. అసలు మాట పైకి రాదు: పరీక్ష చేసే గదికి తలుపు వేస్తారా, మగడాక్టరు ఉంటాడా, వరసలో నిలుచున్న అత్తకు తెలిసిపోతుందా. కాన్పుకు తప్ప ఎప్పుడూ ఎక్కని బల్ల అది. చాలామందికి దాని జ్ఞాపకం మంచిది కాదు. కాన్పుల గదిలో ఆయమ్మల నోటి దురుసు తెలిసినవాళ్లు మళ్లీ ఆ బల్ల ఎక్కమంటే వెనకాడడంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మూతిని చూడాలనుకునే ఏ ఆరోగ్య పథకమైనా ముందు చూడాల్సింది ఆ గది తలుపు గడియ.

సిగ్గునూ దూరాన్నీ దాటి ఇంటింటికీ పోగలిగితే ఏమవుతుందో చూపించిన జిల్లా ఒకటుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్, ఇప్పటి పేరు ధారాశివ్. అదీ అనంతపురం లాంటి కరువు నేలే, ఒకప్పుడు నిజాం హైదరాబాదు రాష్ట్రంలో భాగం. అక్కడ 30-59 ఏళ్ల 1,31,746 మంది ఆడవాళ్లను ఊళ్ల గుంపులుగా నాలుగు భాగాలు చేశారు. ఒక భాగానికి వీఐఏ, ఒకదానికి పాప్ స్మియర్ అనే కణాల పరీక్ష, ఒకదానికి హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష, నాలుగోదానికి మామూలుగా దొరికే వైద్యమే. ఎనిమిదేళ్ల తర్వాత లెక్క తీశారు. ఒక్కసారి, బతుకులో ఒకే ఒక్కసారి, హెచ్‌పీవీ పరీక్ష జరిగిన భాగంలో ఈ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు 34 మంది. ఏ పరీక్షా జరగని భాగంలో 64 మంది. 2009లో ఈ ఫలితం అచ్చయినప్పుడు వైద్యలోకం తలతిప్పి చూసింది. ఆ 64 మంది గురించి అడిగినవాళ్లూ ఉన్నారు: పరీక్ష పనిచేస్తుందని తెలిసే కదా మొదలుపెట్టింది, వాళ్లనెందుకు వదిలేశారు అని. ఆ ప్రశ్న ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆ అధ్యయనంలోనే వీఐఏ అంత మెరుగైన ఫలితం ఇవ్వలేదు. మేడ్చల్‌లో మూడు పరీక్షలనూ పోల్చి చూసినప్పుడూ ముదిరే మచ్చలను అన్నిటికంటే తక్కువ పట్టింది వీఐఏనే. వెనిగర్ చవక, కానీ చూసే కంటికి అనుభవం కావాలి. పైగా ముట్టు ఆగిపోయిన ఆడవాళ్లలో ఆ రెండు పొరలు కలిసే చోటు లోపలికి ముడుచుకుపోతుంది, పైనుంచి చూస్తే కనబడదు. అయినా తమిళనాడు దిండిగల్ జిల్లాలో, ముంబయి మురికివాడల్లో వీఐఏతోనే మరణాలు మూడో వంతు దాకా తగ్గాయి. అంటే పరీక్ష ఏదన్నదాని కంటే, చూసే చేతికి శిక్షణ, తేడా కనిపించినామెను వదలకుండా వెంటపడే ఓపిక ఎక్కువ లెక్కకొస్తాయి.

హెచ్‌పీవీ పరీక్షలో ఇంకో సౌకర్యం ఉంది. దానికి బల్ల అక్కర్లేదు. మేడ్చల్ ఆడవాళ్లు రెండు దశాబ్దాల కిందటే చేసి చూపించినట్టు, దూదిపుల్లలాంటి స్వాబ్‌తో నమూనా ఎవరికి వారే తీసుకోవచ్చు. తెర వెనకో, ఇంట్లో బచ్చలి గదిలోనో తీసి, గొట్టంలో పెట్టి ఆశా చేతికిస్తే చాలు. అలా తీసిన నమూనా డాక్టరు తీసినదానికి దాదాపు సరితూగుతుందని తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని ఒప్పుకుంది. క్షయ పరీక్షకు మన ప్రభుత్వ ఆసుపత్రులు వాడుతున్న ట్రూనాట్ యంత్రం మీద నడిచే హెచ్‌పీవీ చిప్‌ను కూడా గోవాకు చెందిన అదే కంపెనీ తయారుచేసింది. యంత్రం ఉన్నచోట పని సగం అయినట్టే. మిగతా సగం డబ్బు, మనసు.

వైరస్ సోకకముందే ఆపే టీకా సంగతికి వస్తే, తెలుగువాళ్లకు అది చేదుగా మొదలైంది. 2009 జులైలో అమెరికా సంస్థ పాత్, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గార్డసిల్ టీకా వేయించారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో చదువుకునేవాళ్లు. కొందరు చనిపోయారు: ఉమ్మడి రాష్ట్రంలో ఐదుగురు, ఇలాంటి పథకమే నడిచిన గుజరాత్‌లో ఇద్దరు. విచారణలో ఆ మరణాలకు పాముకాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా లాంటి వేరే కారణాలు తేలాయి. టీకాతో సంబంధం కనబడలేదు. కానీ అదే విచారణలో ఇంకో నిజమూ బయటపడింది. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లూ హెడ్మాస్టర్లూ పెట్టేశారు. 2010 ఏప్రిల్లో పథకం ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని గట్టిగా దుయ్యబట్టింది. టీకాది తప్పు కాదు, అడగకుండా వేసిన చేతిది తప్పు. జనం మాత్రం రెండింటినీ కలిపి గుర్తుపెట్టుకున్నారు.

ఈ కథకు ఎవరూ ఊహించని తోక ఒకటుంది. ఖమ్మం గొడవ జరుగుతున్న రోజుల్లోనే దేశంలో మరో పెద్ద అధ్యయనం వేరేగా నడుస్తోంది. మూడు డోసుల బదులు రెండు సరిపోతాయా అని చూడడానికి. హైదరాబాదు ఎం.ఎన్.జె. కూడా అందులో ఒక కేంద్రం. 20,000 మంది అమ్మాయిలను తీసుకోవాలనుకున్నారు. ఖమ్మం మరణాల తర్వాత హెచ్‌పీవీ టీకా అధ్యయనాలన్నీ ఆపమని కేంద్రం ఉత్తర్వు ఇవ్వడంతో అదీ మధ్యలో నిలిచిపోయింది. 4,950 మందికి ఒక్క డోసే పడింది. వాళ్లను వదిలేయకుండా ఏళ్ల తరబడి గమనిస్తూ పోతే తేలిందేమంటే, పాతుకుపోయే 16, 18 రకాల నుంచి ఒక్క డోసూ 95 శాతం దాకా కాపాడుతోంది, మూడు డోసులకు ఏమీ తీసిపోలేదు. 2022 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసైనా సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన అధ్యయనాల్లో ఇదొకటి. భద్రాచలం హాస్టళ్లలో మొదలైన అపనమ్మకం, ప్రపంచంలోని పేద దేశాలకు టీకా ఖర్చును తగ్గించే దారిలో ఒక మెట్టయింది.

2022లో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకాకు అనుమతి వచ్చింది. 2023 జనవరిలో బయట మార్కెట్లోకి 2,000 రూపాయల ధరకు దిగింది. 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో 9-14 ఏళ్ల బాలికల టీకాను ప్రోత్సహిస్తామని ఆర్థికమంత్రి చెప్పారు. వైరస్ తగలకముందు వేస్తేనే దీని బలం. ఇప్పటికే సోకినదాన్ని ఇది పోగొట్టలేదు. అందుకే టీకా కూతురికి, పరీక్ష తల్లికి.

మచ్చ దొరికితే చేసే వైద్యం కూడా భయపడేంత లేదు. చేతిలో పట్టే పరికరం మొన వేడెక్కుతుంది, దాన్ని ఓ అర నిమిషం మచ్చ మీద ఆనించి కాలుస్తారు. లేదా వైర్ లూప్‌తో ఆ చిన్న ముక్కను కోసి తీస్తారు. అదే రోజు ఇంటికి పోవచ్చు. సంచి జోలికి పోనక్కర్లేదు. అదే ముదిరాక దొరికితే కుందుర్పి నుంచి దారి పావగడ మీదుగా బెంగళూరు కిద్వాయ్ ఆసుపత్రికి, లేదా తిరుపతికి, హైదరాబాదుకు. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, మందుల ఖర్చు భరించవచ్చు. రేడియేషన్ మాత్రం ఐదారు వారాలు, వారానికి ఐదు రోజులు. వారానికోసారి కీమో. తోడు ఉండే మనిషి కూలి, ఇద్దరి తిండి, ఇంట్లో మేకలను చూసే దిక్కు, వీటిలో ఏదీ ఏ కార్డు కిందికీ రాదు. చాలామంది మధ్యలో మానేసి వచ్చేసేది అందుకే.

తెల్లబట్ట అయిన ప్రతి ఆడదానికీ క్యాన్సర్ ఉండదు. ఎక్కువసార్లు అది మామూలు ఇన్ఫెక్షన్, మాత్రలతో పోయేది. కానీ భర్తతో కలిశాక రక్తం కనబడితే, ముట్టు ఆగిపోయిన కొన్నేళ్లకు మళ్లీ కనబడితే, తెల్లబట్ట దుర్వాసనతో నెత్తుటిచారలతో వస్తుంటే, అది ఆరోజే చూపించాల్సిన సంగతి. ఇప్పటికే సంచి తీయించుకున్నవాళ్లు తమ ఆపరేషన్ కాగితంలో ఒక్కటి చూసుకోవాలి: మూతితో సహా తీశారా, పైభాగమే తీశారా అన్నది. మూతి మిగిలితే పరీక్ష అవసరమూ మిగిలినట్టే. అక్కర్లేని సంచి ఆపరేషన్ల మీద 2023 ఏప్రిల్లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను మూడు నెలల్లో మార్గదర్శకాలు అమలు చేయమంది. ఆ తీర్పు ప్రతి పల్లె దాకా నడిచి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో వేరే లెక్క.

క్యాంపు పెట్టే తేదీ సంగతి కూడా ఎవరైనా ఆలోచించాలి. కార్యాలయాల్లో కేలండర్ మార్చి లక్ష్యాల చుట్టూ తిరుగుతుంది. ఈ నేల మీది కేలండర్ వేరు. జూన్, జులైలో విత్తనం, తర్వాత కలుపు, నవంబరులో కాయ పీకడం. అప్పుడు పిలిస్తే ఎవరూ రారు. కాయ ఇంటికొచ్చాక, రాకపోతే ఇంకా ముందే, బతకడానికి బెంగళూరు వైపు పోయే కుటుంబాలు పోతాయి. అప్పుడు పిలుద్దామంటే ఉండరు. వాళ్లు మళ్లీ ఊళ్లో కనబడేది ఉగాదికి, జాతరకు. పండగ మర్నాడు బస్సెక్కకముందు, తలంటు పోసుకుని కొత్త చీర కట్టుకున్న పొద్దున, ఆశా ఇంటింటికీ ఒక గొట్టం, ఒక స్వాబ్ పట్టుకుని పోతే "చేన్లోకి పోవల్ల" అనే మాట ఆ ఒక్కరోజు రాదు.